చెరుకుతోటల హార్డ్ రాక్

పెళ్లాన్ని మోసం చేద్దామని పోయి ఆమెకే దండం పెట్టిన సంగతి చెప్త, నవ్వుకోన్రి.

నా దగ్గర ఇంగ్లీషోళ్ల హార్డ్ రాక్ క్యాసెట్ ఒకటున్నది. మొదటి పాటల గిటారు లేస్తే లాఠీచార్జి అయినట్టే. మూడో పాటల డ్రమ్ములు మా చెరుకు రైతుల ధర్నా కన్న గట్టిగ మోగుతయి. పాడేటోడు ఏమంటడో నాకు సమజ్ కాదు. కోపం మాత్రం అచ్చం నాదే.

ఇంట్ల పెడ్తే సుష్మ ఊకోదు. "గోడలు పగుల్తయి, బంద్ చెయ్యి."

అంతల మొగుడంపల్లి దారిల ఉన్న మా చెరుకుతోట మీద అడివిపందులు పడ్డయి. ఊరోళ్లంత రికార్డు బటనున్న స్పీకర్లు తెచ్చి, "హోయ్ హోయ్" అన్న అరుపులు రికార్డు చేసి తోటల మోగిస్తున్రు. నాకు ఉపాయం తట్టింది.

"సుష్మా, మనం పెద్ద స్పీకరే తెద్దాం. నా పాటలకు పందులు ఉరుకుతయి."

"నేనే ఉరుకుతున్న, అవెంత," అన్నది. "తే. కని పంట పోయిందో, నీ క్యాసెట్ పొయ్యిల పెడ్త."

పాటలు మెమరీ కార్డుల ఎక్కించి తోటల మోగించిన. కావలి పేరు చెప్పి గట్టు మీద మంచమేసుకొని నవాబు లెక్క ఇన్న. మొదటి పాటకే పందులు కర్ణాటక బార్డర్ దాటినయి.

ఓనాడు పొద్దుగాల పక్క తోట గుండయ్య నన్ను తట్టి లేపిండు. "అన్నా, నీ ఆరో పాట నిమ్మళంగ ఉంటది సూడు, అది రాంగనే పందులు పిల్లలతోని వచ్చి నీ తోటల పండుకుంటున్నయి."

"నేనున్న గద కావలి."

"నువ్వు గూడ పండుకుంటున్నవ్."

లేచి చూస్తే ఓ మూల చెరుకంత నేలమట్టం.

ఇంటికి పోయి సంగతి చెప్తే సుష్మ నా చేతులకెల్లి స్పీకర్ తీస్కొని లోపటికి పోయింది. ఇగ నా క్యాసెట్ పొయ్యిల పడ్డట్టే అనుకున్న.

తెల్లారి తోటల పంది జాడ లేదు. స్పీకర్ల పాటలు గూడ లేవు. సుష్మ రికార్డు చేసిన గొంతున్నది. "ఇంక పండుకున్నవా? పాలెవరు తెస్తరు? జర సిగ్గున్నదా? లెవ్వు."

నాకు సోయి వచ్చేసరికి గిన్నె పట్టుకొని పాలకేంద్రం ముందల నిలవడ్డ.

ఇంటికొచ్చి పొయ్యిల బూడిద కెలికిన.

"క్యాసెట్ అల్మారల ఉన్నది," అన్నది సుష్మ. "పొద్దూకినంక పెట్టుకో, గట్టిగనే. ఈ ఎల్లిగడ్డలు ఒలుసుకుంట ఇను."

ఏ సారుకూ తల వంచనోన్ని, ఎల్లిగడ్డల ముందల వంచిన. తోట మిగిలింది, పాట మిగిలింది. ఆమె సల్లగుండాలె.

ఆరో పాట రాంగనే సుష్మ వంటింట్లకెల్లి వచ్చి పక్కన కూసున్నది.

"ఇది మంచిగున్నది," అన్నది. "పందులకు ముందే తెలిసింది, నాకే లేటయ్యింది."

నేను ఇంకో గడ్డ తీస్కున్న.