శెట్టి అంగడి నిలువుటద్దం

కడుపునొప్పి అని చెప్పి ఆ పొద్దు ఇంట్లోనే పడుకోవాలన్నది వర్ష వేసుకున్న పథకం. స్కూల్లో ‘నన్న దేహ, నన్న హెమ్మె’ కార్యక్రమం. నా ఒళ్ళు, నా గర్వం అని దాని అర్థం. బెంగళూరు నుంచి వచ్చే మేడం కోసం డ్రిల్లు మాస్టరు ముందురోజే ఆడపిల్లలందరినీ తూకం వేసి, ఆత్మవిశ్వాసం లేనివాళ్ళంటూ పదకొండు పేర్లు రాశాడు. మొదటి పేరు వర్షదే. తనకు ఆత్మవిశ్వాసం లేదన్న సంగతి ఆ పిల్లకు అప్పుడే తెలిసింది.

పథకం పారలేదు. స్కూల్లో నిలువుటద్దం లేదని హెచ్‌ఎం పురుషోత్తమ్ నేరుగా వర్ష నాన్న రంగనాథ శెట్టికే ఫోన్ చేశాడు. చింతామణి బజారులో ఆయనది చీరల అంగడి. స్కూలు యూనిఫారాలూ ఆయన దగ్గరే కొంటారు, కాదనడానికి లేదు.

“ఆటోలో అద్దం పట్టుకునేకి మనిషి కావల్ల. లెయ్యమ్మా,” అన్నాడు శెట్టి.

“ఆ అద్దమా నాయనా? అది అట్ల చూపిస్తాది కదా.”

“ఎట్ల చూపిస్తే నీకేమి? నోరు మూసుకోని ఉండు. ఊర్లో తెలిస్తే అంగడి మూసుకోవల్సిందే.”

అద్దంలో సన్నటి వంపు ఉన్న సంగతి ఆ ఇంట్లోవాళ్ళకే తెలుసు. దాని ముందు ఎనుము నిలబడితే లేడిపిల్లయి కనిపిస్తుంది. అందులో చూసుకున్న ఆడమనిషి చీర కొనకుండా మెట్లు దిగిన దాఖలా ఇరవై ఏళ్ళలో లేదు.

హాల్లో బెంగళూరు నుంచి వచ్చిన అనఘ మేడం మైకు పట్టుకుని పదకొండు పేర్లూ చదివింది. నాలుగు వందల మెడలు ఇటు తిరిగాయి. సిగ్గుపడకూడదని కూడా మైకులోనే చెప్పింది.

“వర్షా, అద్దంలో ఎలా కనపడుతున్నావో ధైర్యంగా చెప్పు.”

“సన్నంగా ఉండాను మేడం.”

“అబద్ధం వద్దమ్మా. నువ్వు లావు. ఆ లావును నువ్వు ప్రేమించాలి.”

“ఉంటే ప్రేమిస్తా మేడం. దీంట్లో యాడ ఉండాది?”

రెండో పిల్ల రశ్మీ తాను సన్నమే అంది. పదకొండో పిల్ల మరీ సన్నం అంది. ఇది మెదడు జబ్బు, అంటుకునే రకం అని అద్దం వెనక నుంచే మేడం తేల్చింది. హెచ్‌ఎం కిటికీలన్నీ తెరిపించాడు. అందరినీ చిక్కబళ్ళాపురంలో పిచ్చి డాక్టరుకు చూపించాలని మేడం చీటీ రాయసాగింది. ఇళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. రశ్మి తల్లి మునిరత్నమ్మ బాగేపల్లి సంతకు పోయే బస్సు దిగి పరుగున వచ్చింది.

“మా పిల్లకు పిచ్చని చెప్పింది ఎవురమ్మా? నువ్వేనా?”

శెట్టీ వచ్చాడు. చూస్తే అక్కడున్న తల్లులంతా తన గిరాకీలే. నిజం చెబితే అంగడి పోతుంది, చెప్పకపోతే కూతురికి పిచ్చిదన్న ముద్ర పడుతుంది.

వర్ష ఒకసారి నాన్న ముఖం చూసింది, ఒకసారి చీటీ చూసింది.

“మేడం, మీరొకసారి నిలబడి చూడండి. మాకు పిచ్చో కాదో తెలుస్తాది.”

“నాకెందుకు? నా ఒంటిని నేను ఎప్పుడో ఒప్పుకున్నాను,” అంటూనే మేడం నిలబడింది.

కొంగు సర్దుకుని ఒక పక్కకు తిరిగేసరికి మధ్యాహ్నం బెల్లు మోగింది. రెండో పక్క చూసుకునేసరికి బడిలో పెట్టే బిసియూటలో సాంబారు చల్లారిపోయింది.

“పిల్లల్లో ఏ లోపమూ లేదు. అద్దమూ బంగారంలా ఉంది. మీ తూకమే తప్పు,” అని మేడం డ్రిల్లు మాస్టరు ముందే పేర్ల పట్టీ, డాక్టరు చీటీ రెండూ చింపేసింది.

“ఔ మేడం, తూకమే తప్పు,” అన్నాడు శెట్టి, అందరికన్నా ముందుగా.

అద్దం మాత్రం అంగడికి తిరిగి రాలేదు. ఆత్మవిశ్వాసం లేని టీచర్లు స్టాఫ్ రూములో దాని ముందు ఇంకా వరుసలో నిలబడి ఉన్నారు.