పురుషోత్తానికి పిల్లనియ్యం

ఆ ఆదివారం రవీందర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే భార్య ప్రమీలను తీసుకుని సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లాలి. గురువారం కూతురు అశ్విని నిశ్చితార్థం కాబట్టి చీరలు కొనాలి. వచ్చేటప్పుడు మునగాల దగ్గర ధాబాలో భోంచేసి, ఇంటికొచ్చి హాయిగా నడుం వాల్చాలి. ఇంత చక్కటి ప్లానును చెడగొట్టడానికి మామూలు మనుషులు చాలరు. టీవీ కావాలి.

అశ్వినికి కుదిరిన పిల్లగాడు వేణుది మిర్యాలగూడ. రైసుమిల్లు ఆఫీసులో ఉద్యోగం, సెలవు దొరికితే నాటకాలు. ఇద్దరూ డిగ్రీలో ఒకే క్లాసు, ఒకరంటే ఒకరికి ప్రాణం. రెండిళ్లనూ ఒప్పించేసరికి ప్రమీల అన్న మల్సూర్ చెప్పులు అరిగిపోయాయి. ఈమధ్యే వేణుకు ఒక టీవీ సీరియల్లో పెద్ద వేషం దొరికింది. అందరికంటే ఎక్కువ మురిసిపోయింది రవీందర్ తల్లి సైదమ్మ. శనివారం సాయంత్రం మొదటి భాగం వస్తుందని తెలియగానే గల్లీలో ఇల్లిల్లూ తిరిగి, మా మనుమరాలి మొగుడు టీవీల పడుతున్నడు, పనులన్నీ పక్కకు పెట్టి సూడున్రి అని ఒట్టు పెట్టించుకుని మరీ వచ్చింది.

అందరూ చూశారు. అదే కొంప ముంచింది.

వేణు నటించిన సీరియల్ పేరు ‘ఎర్రగేటు వెనుక’. ఇది కొత్త కథ కాదు. మూడేళ్ల కిందట వచ్చిన ‘ఎర్రగేటు ఇల్లు’ అనే సీరియల్‌కు ముందు జరిగిన కథ. ఆ పాత సీరియల్‌ను సైదమ్మ అన్నం మాడబెట్టి మరీ చూసింది. అందులో పురుషోత్తం అనేవాడు భార్య హైమావతికి చాయలో విషం కలిపిచ్చి చంపుతాడు. ఇన్‌స్పెక్టర్ శ్రీహర్ష వాడిని పట్టుకుంటాడు. శ్రీహర్ష అంటే సైదమ్మకు ఎంత గురి అంటే, క్యాలెండరు మీద దేవుడి బొమ్మ పక్కన అతని ఫోటో అంటించింది. ఇక కొత్త సీరియల్లో తెర మీదికి వేణు రాగానే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. నున్నగా దువ్విన తల, చేతిలో పెట్టె, ముఖం నిండా అమాయకత్వం. అంతలో ఎవరో అతన్ని "పురుషోత్తం" అని పిలిచారు. సైదమ్మ చప్పట్లు ఆగిపోయాయి. ముసలామెకు నిద్రొచ్చిందేమో అనుకున్నారు.

పొద్దున రవీందర్ చెప్పులేసుకుంటుంటే ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది.

"కోదాడ పోవుడు బంద్ పెట్టు. పురుషోత్తానికి మనం పిల్లనియ్యం."

రవీందర్ నవ్వాడు. అదంతా యాక్టింగని నచ్చజెప్పబోయాడు.

"యాక్టింగని నాకు తెల్వదా? నేనేమన్న పిచ్చిదాన్నా? రేపు మన పిల్ల బజార్ల నడిస్తే, అగో పురుషోత్తం పెండ్లాం పోతున్నది అంటరు. పురుషోత్తం పెండ్లాం సచ్చిపాయె. బతికున్న పిల్లకు సచ్చినదాని పేరెందుకురా?"

కొత్త సీరియల్లో పురుషోత్తం మంచివాడే కదా అని రవీందర్ గొణిగాడు.

"గిప్పుడు మంచోడే. ముందుగాల అందరు మంచోళ్లే ఉంటరు. ఎనక ఏం జేస్తడో నేను సూసిన గదా."

ఆమెను మెల్లగా పక్కకు జరిపి దంపతులు కోదాడ బస్సెక్కారు. బట్టల దుకాణంలో ప్రమీల ఆవాల రంగు పట్టుచీర ఒకటి ఏరి, వచ్చిన ఉత్సాహం కొద్దీ కాబోయే అల్లుడి ఫోటో ఫోన్లో చూపించింది. దుకాణదారు కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఈ అబ్బాయిని నిన్ననే చూశామండీ. పురుషోత్తం గదూ?" అని, గొంతు తగ్గించి చీరను తనవైపు లాక్కున్నాడు. "ఇది మాత్రం వద్దులేమ్మా. హైమావతి చివరి రోజు కట్టుకుంది ఇట్టాంటి చీరే."

ప్రమీల బళ్లో సైన్సు టీచరు. ఇలాంటివన్నీ తను నమ్మనని గట్టిగా చెప్పి, ఇంకో రంగు చూపించమంది. ఆకుపచ్చ తీస్తే పనిచేసే అమ్మాయి నాలుక కరుచుకుంది, హైమావతి పెళ్లిచీర ఆకుపచ్చదట. ఎరుపు తీస్తే గేటు గుర్తొచ్చింది. నీలం తీస్తే శవాన్ని కప్పిన దుప్పటి గుర్తొచ్చింది. చివరికి చీర లేకుండానే బయటపడ్డారు. ధాబాలో ప్రమీల చాయ గ్లాసును చూసి వద్దంది. సైన్సు చదివినావిడ కదా, కారణం మాత్రం కడుపులో మంట అని చెప్పింది.

వీళ్లు ఇల్లు చేరేసరికి సైదమ్మ ఒట్టు పెట్టించుకున్న గల్లీ అంతా వాకిట్లోనే ఉంది. పక్కింటి కమ్లి అయితే అశ్విని తల నిమిరి కళ్లు తుడుచుకుంది. ఓదార్పులు పడలేక అశ్విని లోపల గదిలోకి పోయి వేణుకు ఫోన్ చేసింది.

"ఇయ్యాల నువ్వొచ్చి నాయనమ్మతోని మాట్లాడు. రాకుంటే ఇగ ఎప్పటికీ రావద్దు" అంది. ఆమె గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. అది వేణుకు తెలిసింది.

మిర్యాలగూడలోనే ఉండే మల్సూర్ వేణును బండి మీద ఎక్కించుకుని బయల్దేరాడు. దారిలో మల్సూర్ ఒక ఉపాయం చెప్పాడు. సీరియల్ తీసే కంపెనీవాళ్లను బతిమాలి ఇందులో హైమావతిని బతికిస్తే సరిపోదా? వేణు ఓపిగ్గా వివరించాడు. ముందు కథలో ఎంత కాపాడినా, మూడేళ్ల కిందట వచ్చిన కథలో ఆమె ఎప్పుడో చచ్చిపోయి ఉంది. మల్సూర్ బండి నెమ్మది చేశాడు.

"అంటే స్లాబు పోసినంక పునాది తవ్వుతున్నరన్నట్టు. జర మునుపే చెప్పకపోతివి, ఇంకో సంబంధం సూస్తుంటి."

ఇంట్లో మర్యాదలు మామూలుగానే మొదలయ్యాయి. ప్రమీల చాయ తెచ్చింది. పెద్దవాళ్లకు ముందిచ్చే అలవాటు కొద్దీ వేణు పళ్లెంలోంచి ఒక కప్పు తీసి, వంగి, రెండు చేతులతో సైదమ్మకు అందించాడు. పాత సీరియల్లో పురుషోత్తం హైమావతికి సరిగ్గా అలాగే ఇచ్చాడు. సైదమ్మ చేయి చాపలేదు.

పరువు పోతోందని మల్సూర్ ఆ కప్పు లాక్కుని, ఏముందిందులో అంటూ గటగటా తాగేశాడు. అందులో ఉన్నది మసిలే చాయ. గొంతు కాలి, పొలమారి, కళ్లు తేలేసి, రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. కమ్లి వీధిలోకి ఒకటే పరుగు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. మల్సూర్‌కు మాట రాక చేతులూపుతుంటే, అవి ఆఖరి సైగలనుకుని నలుగురు ఏడ్చారు కూడా. అంబులెన్సు వచ్చాక అందులోని మనిషి మల్సూర్ నోట్లోకి తొంగిచూసి, చల్లటి మజ్జిగ తాగమని చెప్పాడు. పోతూ పోతూ వేణుతో ఒక ఫోటో దిగాడు.

ఇక పిల్ల చేయి జారినట్టే అని వేణుకు అర్థమైంది. సైదమ్మను పెరట్లోకి రమ్మని, ఎవరూ వినడం లేదని చూసుకుని చెప్పాడు.

"నాయనమ్మా, ఇది బయటికొస్తే నా వేషం ఊడుతది. చిన్నప్పటి సంది దీనికోసమే ఎదురుచూసిన. కానీ అశ్విని లేకపోతే వేషం ఉండి ఏం లాభం. హైమావతిని సంపింది పురుషోత్తం గాదు. ఆమె చెల్లె మీదికి నేరం రావద్దని ఈయన మీదేసుకున్నడు. సంపింది ఇన్‌స్పెక్టర్ శ్రీహర్ష. ఆఖరి భాగంల తెలుస్తది."

సైదమ్మ లోపలికి పోయి క్యాలెండరు మీది ఫోటో పీకేసి, వచ్చి వేణు తల మీద చేయి పెట్టింది. ఎవ్వరికీ చెప్పనని ఒట్టేసింది.

ఒట్టు గురువారం దాకా బాగానే నిలబడింది. చీరలు సూర్యాపేటలోనే దొరికాయి. ఉంగరాలు మార్చుకున్నారు. ఫంక్షన్ హాల్లో వీడియో తీస్తున్నవాడు ఆశీర్వదించమని సైదమ్మకు మైకిచ్చాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఎవరో ‘పాపం పిల్ల’ అన్నారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పాపమెవరికి? మా పిల్లగాడు బంగారం. హైమావతిని సంపింది ఆ శ్రీహర్ష. మీదేసుకున్నోడు మావోడు."

తెల్లవారేసరికి ఆ వీడియో ఫోన్లన్నిటిలో ఉంది. సాయంత్రానికి కంపెనీ చేతిలో ఉంది. వేణును వేషం నుంచి తీసేశారు. ఆ కబురు విన్న రోజు అతను మిల్లు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. అశ్విని బస్సెక్కి వచ్చి పక్కన కూర్చుంది. అయినా సైదమ్మను ఒక్క మాట అననివ్వలేదు అతను.

గుట్టు రట్టయింది గనుక కంపెనీవాళ్లు కథే మార్చేశారు. ఆఖరి భాగం వచ్చిన సాయంత్రం పెళ్లికి ఇంకా పదిహేను రోజులుంది. రవీందర్ టీవీ కట్టేయాలని చూశాడు గానీ రిమోటు సైదమ్మ ఒళ్లో ఉంది. తెర మీద పురుషోత్తంగా ఎవరో కొత్త మనిషి. వాడు అటూ ఇటూ చూసి, స్వయంగా తన చేత్తో చాయలో విషం కలిపాడు. ఇన్‌స్పెక్టర్ శ్రీహర్ష మళ్లీ దేవుడయ్యాడు.

ఇంట్లో ఎవరూ టీవీ వైపు చూడలేదు. భోజనానికి వచ్చిన వేణు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అశ్విని అతని మోచేయి పట్టుకుంది. అందరూ సైదమ్మ నోటి వైపే చూస్తున్నారు.

ఆమె టీవీ ఆపి, అల్లుడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"సూసిన్రా? మనోడు తప్పుకున్నంకనే ఆడు చెడిపోయిండు."