కంచె దాటిన బోర్డు

ఒక పెద్ద అడవిలో జంతువుల కంటే బోర్డులు ఎక్కువ. ప్రతి పేటా తన కంచె లోపల ఒక బోర్డు పెట్టుకుని, ఎవరిని ఏమనాలో దానిమీద రాసుకునేది.

కుందేళ్లుండే పొదల పేటలో ‘చిన్న జంతువు’ అంటే కుందేలంత, లేదా అంతకంటే తక్కువ. ఏనుగులుండే గజపేటలో అయితే ఏనుగు పొట్ట కింద నుంచి నడిచిపోగలిగినది ఏదైనా చిన్న జంతువే. పొరపాటున ఎవరినీ తొక్కకూడదని పాపం వాళ్లలా రాసుకున్నారు. ఏ బోర్డూ తన కంచె దాటేది కాదు, అందుకని గొడవా లేదు.

ఎండాకాలం అడవి మొత్తానికి ఒకటే మడుగు, అది పొదల పేటలో ఉంది. పొద్దున పూట చిన్న జంతువులకు, మధ్యాహ్నం నుంచి మిగతావాళ్లకు. గేటు దగ్గర ముసలి తాబేలు కూర్చుని, పేట బోర్డు చూసి లోపలికి వదిలేది.

ఈ ఏర్పాటు చుక్కలరాయుడనే చిరుతకు నచ్చలేదు. అతనికి కావలసింది నీళ్లు కాదు, నీళ్లు తాగడానికి వచ్చేవాళ్లు. వెళ్లి అడవి సభ కార్యదర్శిని కలిశాడు. ఆయన చతురయ్యనే నక్క. వేటలో మిగిలినదంతా నీకేనని చిరుత మాటిచ్చాడు.

మర్నాడు చతురయ్య సభలో లేచి, అధ్యక్షుడు భద్రగిరి అనే ఏనుగుకు దండం పెట్టాడు.

“అయ్యా, తమరు అడవంతటికీ అధ్యక్షులు. తమ పేట బోర్డేమో కంచె దగ్గరే ఆగిపోతోంది. తలుచుకుంటే తిన్నది ఒంటికి పట్టడం లేదు.”

“అవును సుమా! ఏం చేద్దామంటావ్?”

“ఇకనుంచి ఏ పేట బోర్డయినా అడవంతా చెల్లాలి. సభ ముందున్న మద్దిచెట్టుకు కొడితే చాలు. రెండు బోర్డులు రెండు రకాలుగా చెబితే, చివర కొట్టినదే లెక్క.”

ప్రతి సభ్యుడూ ఇక తన పేట బోర్డే అడవిని ఏలుతుందనుకుని తోక ఎత్తాడు. తీర్మానం పాసయింది. అందరూ కొట్టాక, చివరగా గజపేట బోర్డు కొట్టించాడు చతురయ్య.

తెల్లారేసరికి చుక్కలరాయుడు మడుగు గేటు దగ్గరున్నాడు. చేతిలో సభ ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్, ‘చిన్న జంతువు’ అని. తాబేలు రెండుసార్లు చదివి, తలవంచుకుని పక్కకు జరిగింది. కుందేళ్లు ఎక్కడివక్కడ పొదల్లోకి దూరాయి.

రెండు రోజులు గడిచాయి. తెల్లాయమ్మ అనే కుందేలుకు ముగ్గురు పిల్లలు. చిన్నదానికి నాలుక పిడచగట్టుకుపోయింది. ఆమె సభ ఆఫీసులో ఉన్న చతురయ్య దగ్గరికి పరుగెత్తింది.

“నేను పుట్టినప్పటినుంచీ చిన్న జంతువునే కదయ్యా! ఇదిగో సర్టిఫికెట్.”

“అది పాత బోర్డు మీద ఇచ్చిందమ్మా, చెల్లదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకో. ఏనుగు పొట్ట కింద నడిచి చూపించాలి.”

“గజపేట బోర్డుకూ మా మడుగుకూ ఏం సంబంధమయ్యా? అక్కడ చిరుత కూర్చున్నాడు!”

“కూర్చోనీ. అతనూ చిన్నవాడే కదా. పిల్లల్ని పంపించు, కలిసి తాగుతారు.”

తెల్లాయమ్మ బయటికొచ్చి మద్దిచెట్టు కింద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే చెట్టుమీది బోర్డులు చదవడం మొదలుపెట్టింది. అన్ని పేటలవీ ఉన్నాయి, చీమలుండే పుట్టల పేటది తప్ప. వాళ్లనెవరూ పిలవనే లేదు.

ఆమె నేరుగా పుట్టల పేటకు వెళ్లింది. అక్కడి బోర్డు ఇలా ఉంది: ‘రెండు వానాకాలాలు చూసినవాడు వృద్ధుడు. వృద్ధుడు పదవిలో ఉండరాదు.’

“అది మా చీమల కోసం రాసుకున్నదమ్మా, నీకెందుకు?” అంది పెద్ద చీమ.

“ఒక్క పూటకు ఇప్పించు అక్కా. నా పిల్లలు చచ్చిపోతున్నారు.”

చీమలు బారులు తీరి బోర్డును మద్దిచెట్టు దగ్గరికి మోసుకొచ్చాయి. గేటు దగ్గర్నుంచి వచ్చిన తాబేలు మేకు అందించింది.

“తాతా, నీకు నూట పదేళ్లు. నీ గేటు కూడా పోతుంది,” అంది తెల్లాయమ్మ.

“ఇలా కాసేకంటే పోవడమే నయం. కొట్టు తల్లీ.”

మర్నాడు సభలో భద్రగిరి కూర్చోబోతుంటే కుర్చీ మీది నుంచి సన్నగా గొంతు వినిపించింది.

“అయ్యా, తమరి వయసెంత?” అడిగింది పెద్ద చీమ.

“అరవై రెండు.”

“అయితే కూర్చోకండి.”

చతురయ్య బోర్డు చదివాడు. తనకు తొమ్మిది వానాకాలాలు. “గజపేట బోర్డు మళ్లీ పైన కొట్టండి!” అని అరిచాడు.

“అందులో వృద్ధుల ఊసే లేదండీ. ఎన్నిసార్లు కొట్టినా ఇది చెల్లుతుంది,” అంది తాబేలు.

“చీమల బోర్డుకూ నాకూ ఏం సంబంధం?” ఘీంకరించాడు భద్రగిరి.

“నేనూ ఆఫీసులో అదే అడిగానయ్యా,” అంది తెల్లాయమ్మ. “తీర్మానం తీసేయండి. బోర్డు నేను తీసేస్తాను.”

రద్దు మీద చర్చ మూడు గంటలు జరిగింది. అధ్యక్షుడు నిలబడగలిగింది అంతసేపే, ఆ వెంటనే తీర్మానం రద్దయింది.

మరుసటి పొద్దున తాబేలు గేటుకు అడ్డంగా కూర్చుంది.

“గజపేటలో తమరు చిన్నవారే చుక్కలరాయుడు గారూ. అక్కడికెళ్లి చిన్నగా ఉండండి.”

తెల్లాయమ్మ పిల్లలు పొట్టలు ఉబ్బేదాకా తాగారు. ఆఫీసులో చతురయ్య మాత్రం పుస్తకంలో ఇలా రాసుకున్నాడు: ‘కుందేళ్ల దాహానికి చలించిపోయి, అధ్యక్షులవారు దయతో తీర్మానం రద్దు చేశారు.’

నీతి: ఎదుటివాడి దాహం పెద్దలకు అర్థం కావాలంటే, ముందు వాళ్ల కుర్చీ లాగాలి.