అవ్వ కోసం దాచిన గ్యాసు

కారులో ఏసీ ఉండేది చల్లబడడానికి కాదు, దాచుకోవడానికి. ఈ మహత్తర సిద్ధాంతాన్ని కనిపెట్టిన ఘనత ధర్మవరంలో మగ్గం నేసే మా ఇంటికే దక్కుతుంది. (లోకం ఇంకా అభినందనలు పంపలేదు.)

సిద్ధాంతకర్త మా నాయన చిన్నస్వామి. ఫిబ్రవరిలో పెనుకొండ మెకానిక్కు హనుమప్ప దగ్గర ఏసీకి గ్యాసు పట్టించిన సాయంత్రమే, తనను తాను గ్యాసు సంరక్షణాధికారిగా నియమించుకున్నాడు. ఆయన లెక్క తేలిక. వంటింటి సిలిండరు వాడితే అయిపోతుంది, కాబట్టి ఏసీ గ్యాసూ వాడితే అయిపోతుంది. వాడకపోతే ఉంటుంది. ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లం ఇద్దరం ఉన్నాం. ఇద్దరమూ తలూపాం.

అప్పటికే మా అవ్వ అంజనమ్మ ఒకటే మాట అడుగుతోంది. చిలమత్తూరులో ఆమె చెల్లెలు యల్లక్క జారిపడి, తుంటి విరిగి మంచాన ఉంది.

"ఒక్కతూరి దాన్ని చూపించు చిన్నా. నన్నే అడుగుతాండాదంట."

"చూపిస్తామ్మా. నీకోసమే గదా గ్యాసు పట్టించిండేది," అన్నాడు నాయన. "ఇప్పుడు పోతే చల్లగా ఉండాది, ఏసీ దండగ. ఎండలు రానీ."

అవ్వకు ఈ వాదన అర్థం కాలేదు. మాకు అర్థమైంది, అదే మా ఖర్మ.

ఈలోగా నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏసీ మీట తాకాలంటే నాయన అనుమతి కావాలి. అనుమతికి కారణం కావాలి. చెమట కారణం కాదు. కానీ ఎవరింటికైనా పోయినప్పుడు పొలిమేర రాగానే నాలుగు గ్లాసులూ ఎత్తేయాలి, లోపల చల్లగా ఉన్నట్టు జనానికి కనపడాలి. హిందూపురంలో ఒక గృహప్రవేశానికి అట్లాగే పోయి, ఐదుగురం ఉడకేసిన శెనక్కాయల మాదిరి దిగాం. "ఏసీ కారు, మీకేమప్పా!" అన్నారు బంధువులు. నాయన మొహం తుడుచుకుంటూ వినయంగా నవ్వాడు.

మార్చిలో అవ్వ మళ్లీ అడిగింది. ఎండ ఇంకా చాలదన్నాడు నాయన. ఏప్రిల్లో యల్లక్కే ఫోన్ చేసింది. "మా అక్క నేనుండంగ వస్తాదా, పోయినాక వస్తాదా?" ఆ రాత్రి అవ్వ సంగటి ముట్టలేదు. నాయన కూడా బాధపడ్డాడు, రెండు వారాలు ఆగమన్నాడు.

మేలో ఒక మంగళవారం, ఎండ నలభై రెండు దాటాక, యాత్ర మంజూరైంది. అవ్వ తెల్లారే తలకు పోసుకుని, చెల్లెలికి నువ్వుల ఉండలు మూటగట్టి కారెక్కింది. ఊరు దాటాక నాయన స్వహస్తాలతో మీట నొక్కాడు. వేడిగాలి వచ్చింది.

"కాసేపటికి చల్లబడతాది," అన్నాడు. పెనుకొండ దాకా ఆ కాసేపు అయిపోలేదు.

హనుమప్ప మీటరు తగిలించి చూశాడు. "గ్యాసు చుక్క గూడా లేదప్పా."

"ఒక్కదినమన్నా వాడలేదే!"

"వాడితే యాడికి పోతాది? లోపల్నే తిరుగుతాంటాది. పైపు కాడ లీకు ఉండాది. వాడినా పోతాది, వాడకున్నా పోతాది."

"మరి ఫిబ్రవరిలో చెప్పలేదేమబ్బా?"

"గ్యాసు పట్టమంటిరి, పడితి. లీకు చూడమని అడిగితిరా?"

(నాలుగేళ్లుగా ఏటా పట్టించాం. ఏటా అడగలేదు.)

కొత్త పైపు బెంగళూరు నుంచి రావాలంట, వారం పడుతుందంట. నాయన కారు ధర్మవరం వైపు తిప్పబోయాడు. "వారమే గదమ్మా, ఆగుదాం."

అవ్వ మూట తీసుకుని దిగింది. "బస్టాండు యాడుందిరా?" అని నన్నడిగింది.

నేను తోడు పోయాను. హిందూపురం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గాలి తగలగానే అవ్వకు కునుకు పట్టింది. అది చూసి, ఆ రోజు తలూపినందుకు నాకు నిజంగా సిగ్గేసింది. సాయంత్రానికి చిలమత్తూరులో అక్కాచెల్లెళ్లు ఒకే మంచం మీద చేరి, ఉండలు తింటూ, ఎప్పుడో పోయిన మేనత్తను తిట్టుకుంటున్నారు.

వారానికి నాయన ఫోన్ చేశాడు. పైపు మార్పించాడంట, గ్యాసు పట్టించాడంట, కారు ఐసుగడ్డ మాదిరి ఉందంట. తీసుకుపోవడానికి పొద్దున్నే వస్తాడంట.

అవ్వ అంతా విని, చాలా శాంతంగా చెప్పింది.

"వద్దులే నాయనా, గ్యాసు అయిపోతాది. నేను బస్సుకే వస్తా."