ఏడో నంబరు ఆవు

ఆ ఆదివారం భానుమూర్తి గారింట్లో పుణ్యాహవచనం. పదింటికల్లా అది కానిచ్చి, భోజనం చేసి ఓ కునుకు తియ్యాలన్నది ఆ రిటైర్డు బ్యాంకు ఆఫీసరుగారి పథకం. పురోహితుడు జానకిరామశాస్త్రి పంచగవ్యానికి అన్నీ సర్దుకుని, "ఆవుపేడ ఏదమ్మా? చిటికెడు చాలు" అన్నారు. కలకత్తాలో, మూడో అంతస్తులో ఆవుపేడ ఎక్కణ్ణించి వస్తుంది? భానుమూర్తి గారు గడియారం చూసుకున్నారు. ఆయన భార్య లలితాంబ గారు మాత్రం తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి నడిచారు.

అందులో కోడలు వసుధ దాచుకున్న పన్నెండు గొట్టాలున్నాయి, పన్నెండు ఆవుల పేడతో. పేడలోంచి డీఎన్ఏ తీసి, ఆవు కడుపులో ఏయే సూక్ష్మజీవులున్నాయో కనిపెట్టడం ఆ పిల్ల పీహెచ్‌డీ. ల్యాబులో ఫ్రీజరు పాడైందని రెండు రోజులకని ఇంటికి తెచ్చింది. ఆ పూట ఊరి నుంచి వస్తున్న మొగుణ్ణి తీసుకురావడానికి హౌరా వెళ్లింది. ఇంత మడిగా మూత బిగించిన పేడ ఇంకెక్కడ దొరుకుతుందనుకుంటూ లలితాంబ గారు ఏడో నంబరు విప్పారు. చిటికెడు తీద్దామంటే గడ్డకట్టిన ముద్దంతా ఊడి చేతిలో పడింది; అంతా శాస్త్రిగారికే ఇచ్చేశారు.

పూజయ్యాక ఖాళీ గొట్టం చూసి భానుమూర్తి గారు లబోదిబోమన్నారు. "మూడు నెలలు పశువుల ఫారాల చుట్టూ తిరిగిందే ఆ పిల్ల. దాని చదువేం కాను?"

"పేడ పేడే కదండీ. ఎక్కడైనా ఇంత తెచ్చి నింపండి."

ఆ మాట ఆయనకు నచ్చింది. నచ్చడమే కొంప ముంచింది. పట్టుపంచెతోనే టాక్సీ ఎక్కి, ఏక్‌బాల్‌పూర్‌లో పాలు పోసే సూరన్న పాక దగ్గర దిగారు.

"ఏటి బాబూ, సెంచాడు పేడకి టేక్సీ కట్టించుకొచ్చినావా? గంపడు ఒట్టుకెల్లు" అన్నాడు సూరన్న.

భానుమూర్తి గారు ముక్కు మూసుకుని గొట్టం నింపుకొచ్చారు. పేడనైతే చూశారు గానీ, పశువు వైపు కన్నెత్తి చూడలేదు.

నెల తర్వాత ఓ ఉదయం వసుధ మొహం వెలిగిపోతోంది. "మామయ్యా, మా ఏడో ఆవు కడుపులో అచ్చం గేదెకుండే సూక్ష్మజీవులున్నాయి. మా సార్ కాలు నేల మీద నిలవట్లేదు. ఎల్లుండి ఢిల్లీ సెమినారులో దాని గురించే మాట్లాడమన్నారు."

సూరన్న పాకలో ఉన్నవన్నీ గేదెలేనని భానుమూర్తి గారికి అప్పుడు వెలిగింది. నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది. కానీ అంతమంది ముందు ఆ పిల్ల నవ్వులపాలవుతుందే! కోడలంటే ఆయనకు ప్రాణం. "అది ఆవు కాదమ్మా" అంటూ పుణ్యాహవచనం నుంచి టాక్సీ దాకా అంతా కక్కేశారు.

వసుధ మొహం పాలిపోయింది. ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ పావుగంటలో ఆయన బనియను తడిసిపోయింది.

"ఏమన్నారమ్మా మీ సారు?"

"ముందు తిట్టారు. తర్వాత నవ్వారు. పేడ తారుమారైతే మీ పరీక్ష పట్టుకోగలదా అని ఎగ్జామినర్లు ఆర్నెల్లుగా నన్ను చంపుతున్నారు మామయ్యా. మీరు మార్చారు, అది పట్టేసింది. ఏడో ఆవుది మళ్లీ తెచ్చుకుంటాలెండి. ఎగ్జామినర్లకు చూపించడానికి మీరు నాకింకో పది గొట్టాలు నింపి పెట్టాలి. ఏది ఆవుదో, ఏది గేదెదో నాకు మాత్రం చెప్పకూడదు."

ముప్పైఆరేళ్ల సర్వీసులో ఆయన్ను నమ్మి ఇంత బాధ్యత ఏ మేనేజరూ అప్పజెప్పలేదు.