బజారి ఎడమకాలు

ఇరవై ఆరేళ్ళు లారీ తోలిన బజారికి ఆ పొద్దున ఒకటే పని. బడి నడిపే మంజుల మేడం కారులో ఆమెను ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు తీసుకుపోయి, కుదుపు లేకుండా తిరిగి తేవాలి. తెస్తే డ్రైవరు ఉద్యోగం. లేకపోతే మళ్ళీ లారీ ఎక్కాలి. అందుకు నడుము ఒప్పుకోదు.

కారు ఆటోమేటిక్. క్లచ్ లేదు. ఆ సంగతి బజారి తలకు తెలుసు, ఎడమకాలికి తెలియదు. బండి నెమ్మదించగానే ఆ కాలు క్లచ్ అనుకుని బ్రేకును అదిమేసింది. వెనకున్న మేడం తల ముందు సీటుకు తగిలింది. రెండోసారి కళ్ళజోడు ఎగిరిపడింది. మూడోసారి జరక్కుండా బజారి ఎడమకాలిని మడిచి తొడ కింద పెట్టుకున్నాడు.

"కాలికేమైంది బజారన్నా?"

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. "మోకాలు నొస్తాంది మేడం. సిన్నదే."

మేడం జాలిగుండె మనిషి. ఎమ్మిగనూరులో దిగీ దిగగానే అతన్ని పుత్తూరు కట్టు కట్టే శేషన్న దగ్గరకు తీసుకుపోయారు. శేషన్న మోకాలు నొక్కాడు. నొప్పి లేదన్నాడు బజారి. నొప్పి తెలియకపోవడం ఇంకా ప్రమాదమని శేషన్న తొడ నుంచి మడమ దాకా వెదురుబద్దలు వేసి బిగించాడు. ఇరవై ఒక్క రోజులు విప్పకూడదట.

తిరుగు ప్రయాణంలో స్టీరింగు మేడం తీసుకున్నారు. ఈ కారుకు ఎడమకాలు అక్కర్లేదని బజారి మెల్లగా చెప్పి చూశాడు.

"యెందుకక్కర్లేదన్నా? నేను రెండు కాళ్ళతోనే తోలతా."

నిజమే. కుడికాలు యాక్సిలరేటరు మీద, ఎడమకాలు బ్రేకు మీద, రెండూ ఒకేసారి. సగం దారిలో మాడు వాసన వచ్చింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు.

ఆదోని నుంచి మెకానిక్ జాషువా వచ్చాడు. పొద్దున ఈయన తోలినాకే ఇట్లయిందని మేడం బజారిని చూపించారు. జాషువా బండి కిందికి దూరి, గేరు ఆయిలు వేలికి రాసుకుని వాసన చూశాడు.

"ఒక్క పొద్దుకే ఇంత మాడదు మేడం. ఎవరో యేడాదిగా రెండు కాళ్ళతో తొక్కుతాండారు. ఎవరు తోలేది?"

"మా ఆయన," అన్నారు మేడం, రోడ్డు పక్క పత్తిచేను వైపు చూస్తూ.

బజారి కూడా పత్తిచేనే చూశాడు.

"అయితే ఇంక ఆయనకియ్యద్దు. ఎడమకాలు కదలనోడు ఎవరన్నా వుంటే పెట్టుకోండి."

ముగ్గురూ కట్టు వైపు చూశారు. గేర్‌బాక్సు బాగై వచ్చిన రోజే బజారి ఉద్యోగంలో చేరాడు. కారు నూనె మీద నడిచినట్టు నడిచింది.

కట్టు కట్టిన ఇరవయ్యో రోజున అతను తానే ఎమ్మిగనూరు పోయి, నొప్పి ఇంకా తగ్గలేదని శేషన్నకు చెప్పాడు.