కీర్తిశేషురాలి చేతి వంట

శాంతకు అన్న నర్సింగం మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. పండుగకు రాడు, సరే. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటాడు, అదీ సరే. ఉన్నది ఒక్కటే: కథ రాస్తూ రాస్తూ ఆమెను చంపేశాడు.

చంపడం కూడా మర్యాదగానే చంపాడు. సిరిసిల్లలో మగ్గాలకు కండెలు చుట్టే చెల్లెలు జ్వరంతో, చేతిలో కండె వదలకుండా, అన్న ఒడిలో కన్నుమూస్తుంది. ఆ కథతో ఆయన హైదరాబాదులో మహారచయిత అయ్యాడు. "ఇది నిజంగా జరిగిందా సార్?" అని ఒక సభలో ఎవరో అడిగితే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అబద్ధం మాత్రం ఆడలేదు.

అప్పటి నుంచి శాంతకు బతకడం కొంచెం ఇబ్బందిగా మారింది. కాలేజీ పిల్లలు వచ్చి ఆమె ఇంటి ముందు ఫొటోలు దిగుతారు. ఆమె వాకిట్లోకి వస్తే "జెర పక్కకు జరుగు పెద్దమ్మా, ఫొటోల పడుతున్నవ్" అంటారు. "గా చచ్చిపోయినామెకు నువ్వేమైతవ్?" అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆమె కోరిక చిన్నది. మా చెల్లె బతికే ఉన్నదని అన్న నలుగురిలో ఒక్కసారి అనాలి.

సకల జనుల సమ్మె రోజుల్లో ఆ అవకాశం రానే వచ్చింది. ఊరు నర్సింగానికి సన్మానం తలపెట్టింది. హాళ్లన్నీ బంద్. బస్సులు లేక రోడ్డు మాత్రం విశాలంగా ఉంది. కనుక తెలంగాణ ఉద్యమంలో భాగంగా వంటావార్పు జరిగే చోటే, నడిరోడ్డు మీద వేదిక వేశారు. వంటకు శాంత పేరు ఏకగ్రీవంగా ఆమోదించబడింది. ఆమె బతికి ఉన్నట్టు ఊరు అధికారికంగా గుర్తించడం అదే మొదలు.

సన్మాన సంఘం అధ్యక్షుడు లచ్చయ్య పొయ్యి దగ్గరికి వచ్చి, ఆమెను చూసి నొచ్చుకున్నాడు.

"అక్కా, ఏమనుకోకు. సభ అయ్యేదాక జెర గా అన్నం గంజు ఎనుక కూసో. నువ్వు కండ్ల పడితె మందికి దుఃఖం రాదు."

"రాకుంటె ఏమైతది లచ్చయ్యా?"

"నిన్న మీ అన్న సభల జగిత్యాలోళ్లు ఏడ్సిండ్రు. కోరుట్లోళ్లు ఇంకింత ఏడ్సిండ్రు. మనం సొంతూరోళ్లం. ఇజ్జత్ పోతది."

ఊరి పరువు తన వల్ల పోవడం ఇష్టం లేక శాంత ఆ పెద్ద వంటపాత్ర వెనక్కి జరిగింది. ఎట్లాగూ అన్న చెబుతాడు కదా.

అన్న కారు దిగాడు. పొగలో ఆమెను గుర్తుపట్టి, "మంచిగున్నవా చెల్లె?" అని ఆప్యాయంగా అడిగాడు. అడిగి, వేదికెక్కి, ఆమె మరణాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించాడు.

తర్వాత లచ్చయ్య మైకు అందుకున్నాడు. "మిత్రులారా, మనది వెనుకబడ్డ ప్రాంతమంటున్నరు. నీళ్లల్ల వెనుకబడ్డం, కొలువులల్ల వెనుకబడ్డం. సంతాపంల మాత్రం వెనుకబడేది లేదు. కోరుట్ల కంటె ఎక్కువ సేపు మౌనం పాటిద్దాం."

అందరూ లేచి కళ్లు మూసుకున్నారు. శాంత కూడా లేచింది. పోయినవాళ్ల మీద ఆమెకూ గౌరవం ఉంది.

ఆ నిశ్శబ్దంలో మాడు వాసన వచ్చింది.

"వనితా, మంట తియ్యి. అన్నం అడుగంటుతున్నది," అంది కోడలితో. ఆ మాట రోడ్డు ఆ కొస దాకా వినబడింది. సభ క్రమశిక్షణ గలది. సమయం పూర్తయ్యేదాకా ఒక్కరూ కళ్లు తెరవలేదు.

తెరిచేసరికి శాంత గంటెతో వేదిక ముందు నిలబడి ఉంది.

"అన్నా, గిప్పుడన్న చెప్పరాదు. నేను ఉన్ననా, పోయిననా?"

నర్సింగం గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా, బయట ఉన్న చెల్లె వాస్తవం. కథలో పోయిన చెల్లె సత్యం. రచయిత ఎప్పుడూ సత్యం పక్షానే నిలబడతాడు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. అవి ఆగాక ముందు వరుసలోంచి సంగీత అనే డిగ్రీ పిల్ల తడిసిన చేతిరుమాలుతో లేచింది. ఆమె కోపం రచయిత మీద కాదు.

"అంటె గిన్ని దినాల సంది మేం ఊకెనే ఏడ్చినమా పెద్దమ్మా? జెర ముందుగాల చెప్పద్దా?"

న్యాయమైన ప్రశ్నే. సభ అవునవునంటూ శాంత వైపు తిరిగింది. సంజాయిషీ కోసం లచ్చయ్య మైకు తెచ్చి ఆమె నోటి ముందు పెట్టాడు. ఆమె అన్నను చూసింది. అన్న శాలువా మడతలు సరిచేసుకుంటున్నాడు.

"తప్పు నాదే బిడ్డా," అంది శాంత. "సచ్చిపోతె మీరు గింతగనం పట్టించుకుంటరని ఎరుకలేక బతికిన."